తలుపు ఇవతల విన్నవాళ్ళు

ఆసుపత్రి, మూడో అంతస్తు,
మత్తు డాక్టర్ల విశ్రాంతి గది (పేరుకే)

మరిదిగారికి,

ఉత్తరం ఇంటికి కాకుండా షాపుకెందుకు వచ్చిందా అని కవరు అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉంటారు. ఇంటికి రాస్తే మా చెల్లెలు ముందు చదివేస్తుంది. ఫోను చేస్తే మీ భుజం పక్కనే నిలబడి వింటుంది. మీతో నాలుగు మాటలు విడిగా మాట్లాడాలంటే నాకు తపాలా తప్ప దారి కనబడలేదు.

విషయం ఒకటే. మా చెల్లెలికి పెద్దపేగు పరీక్ష ఎప్పుడు చేయిస్తున్నారు? అమ్మ పోయింది ఆ పేగులో క్యాన్సరుతోనే. కూతుళ్ళిద్దరూ కొన్నేళ్ళకోసారి కెమెరా గొట్టం వేయించుకుని చూపించుకుంటూ ఉండాలని అప్పుడే చెప్పారు. చిన్నదానికి ఒకసారి అయింది. రెండోది కిందటేడే కావాలి. అడిగితే, "ఇంకో రెండేళ్ళు ఆగినా ఫరవాలేదన్నారట అక్కా, ఆయన కనుక్కుని వచ్చారు" అంటుంది. ఆ మాటన్న మహానుభావుడెవరో నాకు చెప్పండి. అమ్మ సంగతి తెలిసిన డాక్టరెవరూ ఆ మాట అనడు.

నా సంగతి అడగకండి, ఒళ్ళు హూనమైపోయింది. ఈ ఏడాది మా పెద్ద డాక్టరు ఒక పని అంటగట్టాడు. కెమెరా పరీక్షకి వచ్చినవాళ్ళకి రెండు రకాల జంట మందులు ఇచ్చి ఏది మేలో తేల్చాలి. ఒక జంట పాతది: మిడజోలం అనే మత్తుమందు, పెథిడిన్ అనే నొప్పిమందు. రెండోది ప్రొపొఫాల్, దానికి తోడు కొంచెం ఫెంటనిల్. ఎవరికి ఏ జంటో అంటించిన కవరు విప్పితే తెలుస్తుంది. నేను ఇస్తాను. వాళ్ళు లేచాక, ఏ మందు ఇచ్చామో తెలియని నర్సు వచ్చి "నొప్పి తెలిసిందా?" అని అడుగుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే గది, అదే గొట్టం, అదే ప్రశ్న.

దాటవేయకుండా జవాబు రాయండి.

మీ వదిన

*

కుట్టుమిషన్ల షాపు

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి, ఇదేదో కోర్టు నోటీసని మా పక్కకొట్టు బట్టలాయన కంగారుపడ్డాడు. మా వదిన అలాగే రాస్తుందని సర్ది చెప్పాను.

మీ చెల్లెలు బ్రహ్మాండంగా ఉంది. మొన్న మేడ మీది నీళ్ళ డ్రమ్ము తనే కడిగింది. వద్దంటే వినదు, మీ రక్తమే కదా. పరీక్ష విషయం డాక్టరుగారు అలాగే అన్నారు. పేరు గుర్తు లేదు, ఆ రోజు ఉన్నది కొత్తాయన అనుకుంటాను. ఇప్పుడు షాపులో కూడా ఊపిరి సలపడం లేదు. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీ వాళ్ళ మిషన్లన్నీ ఒక్కసారే మూలపడ్డాయి. ఒకదానికి సూది విరుగుతుంది, ఒకదానికి దారం తెగుతుంది. నేను చెవి దగ్గర పెట్టి తిప్పితేగాని దాని రోగం ఏమిటో చెప్పలేను. ఈ పని తెమిలాక తీరిగ్గా ఆలోచిద్దాం.

అవును వదినా, కూతుళ్ళిద్దరూ అన్నారు కదా. మరి మీరెప్పుడు చేయించుకున్నారు?

మీ మరిది

*

ఆసుపత్రి, మూడో అంతస్తు

మరిదిగారికి,

నీళ్ళు నమలడంలో మీకు మీరే సాటి. ఫ్యాక్టరీ మిషన్లు, నీళ్ళ డ్రమ్ము, పక్కకొట్టు బట్టలాయన, అన్నీ ఉన్నాయి ఉత్తరంలో. నేనడిగింది తప్ప.

సరే, నేనే మీ తరఫున ఆలోచించాను. భయం అనుకుందామంటే చిన్నదానికి లేదు. పోయినసారి పరీక్ష అయ్యాక నాకు ఫోను చేసి, "ఇంత సుఖమైన నిద్ర పెళ్ళయ్యాక పోలేదే" అని నవ్వింది. ఆమెకిచ్చింది పాత జంటే, చీటీ చూశాను. మా దగ్గర ఆ జంట తీసుకున్నవాళ్ళు కూడా అదే అంటున్నారు. సున్నా నుంచి పది దాకా నొప్పికి మార్కులు వేయమంటే సున్నా వేసి, టీ ఎప్పుడిస్తారని అడుగుతున్నారు. కొత్త జంట వాళ్ళూ అంతే. ఇప్పటికి రెండూ సమానం. పెద్ద డాక్టరు సంబరపడిపోతున్నాడు. పాత జంట చవక, వాడకం అందరికీ తెలుసు, దాన్నే ఉంచేద్దాం అంటున్నాడు.

కాబట్టి ఆమెకి భయం లేదు, నొప్పి లేదు, మీరేమో కాళ్ళకి అడ్డం పడుతున్నారు. మనిషి మంచివారు. అబద్ధమాడడం మీకు చేతకాదు. అందుకే అడుగుతున్నాను, ఏం జరిగింది?

(నా సంగతి తరవాత.)

మీ వదిన

*

షాపు

వదినా,

ఈ ఉత్తరం చదివాక చించెయ్యండి. మీ చెల్లెలికి తెలియకూడదు.

నాకు ఏ డాక్టరూ ఏమీ చెప్పలేదు. నేను అసలు వెళ్ళనేలేదు. వెళ్ళానని ఇంటికొచ్చి చెప్పాను.

పోయినసారి పరీక్షకి తీసుకెళ్ళినప్పుడు తలుపు పక్కనే బల్ల ఉంది, అక్కడే కూర్చోమన్నారు. మొదట బాగానే ఉంది. లోపల ఎవరో నవ్వారు కూడా. తరవాత ఆమె మూలగడం మొదలుపెట్టింది. నేను లేచి నిలబడ్డాను. ఆ తరవాత ఏడ్చింది వదినా. నా చెవుల సంగతి మీకు తెలుసు కదా, గట్టిగా మోటారు తిరుగుతున్నా లోపల చిన్న పళ్ళచక్రం అరిగిన చప్పుడు పట్టేస్తాను. ఆ రోజు ఆ చెవులు లేకపోయినా బాగుండేది. "ఏవండీ, ఏవండీ, వద్దని చెప్పండి, ఆపమని చెప్పండి" అంది. మీ అమ్మని పిలవలేదు. మిమ్మల్ని పిలవలేదు. నన్నే పిలిచింది. అన్నిసార్లూ నన్నే.

తలుపు లోపల గడియ వేసి ఉంది. కొట్టాను. ఒకావిడ సందులోంచి చూసి, "కంగారుపడకండి, ఆమెకివేమీ గుర్తుండవు" అని మళ్ళీ వేసేసింది. నేను చెయ్యి తలుపు మీదే పెట్టి నిలబడ్డాను. 

కాసేపటికి చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు. నన్ను చూసి నవ్వింది. "ఏమీ తెలియలేదండీ, హాయిగా నిద్రపోయాను, ఆకలేస్తోంది" అంది. మొహమ్మీద కన్నీటి చార ఇంకా ఆరలేదు. నాకు చమటలు పట్టేసి ఉంటే, "మీకేమైందండీ, ఎవరైనా చూస్తే పరీక్ష మీకనుకుంటారు" అని ఎగతాళి చేసింది. ఏదైనా వినబడిందా అనడిగింది. ఏమీ లేదన్నాను.

మళ్ళీ ఆ బల్ల మీద కూర్చోవడం నా వల్ల కాలేదు. అంతే. పిరికివాడంటారో ఏమంటారో మీ ఇష్టం. 

మీ నర్సు లేచినవాళ్ళనే అడుగుతుందన్నారు. బయట కూర్చున్నవాళ్ళని ఎవరైనా అడిగారా వదినా?

మీ మరిది

*

ఆసుపత్రి

మరిదిగారికి,

మీ ఉత్తరం జేబులో పెట్టుకుని వారం తిరిగాను. తిట్టాలని కూర్చున్నప్పుడల్లా మీరు తలుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడిందే కళ్ళకి కడుతోంది.

ఆ తలుపు సందులోంచి మీతో మాట్లాడిన ఆవిడ మాటే నేనూ ఎందరికో చెప్పాను. అబద్ధం కాదు. మిడజోలం చేసే పనే అది. నొప్పిని తీసెయ్యదు, నొప్పి పడిన జ్ఞాపకాన్ని తీసేస్తుంది. నొప్పి తగ్గించాల్సింది పెథిడిన్. అది చాలినంత ఇవ్వకపోతే మనిషి ఏడుస్తుంది, లేచాక నవ్వుతుంది. మేం నవ్వే మొహాన్ని అడిగి మార్కులు వేసుకుంటున్నాం.

పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "సగం అయిపోయాక ప్రశ్నలు మారుస్తావా? ఇదేమన్నా నీ వంటిల్లా?" అన్నాడు. మార్చను, ఇంకొకటి చేరుస్తాను, మిగిలినవాళ్ళైనా లోపల ఎంత మూలిగారో ఒకరు రాసుకుంటారు అన్నాను. అరిచాడు. నేనూ అరిచాను. చివరికి నీ చావు నువ్వు చావు అన్నాడు, అంటే ఒప్పుకున్నట్టే.

అలాగని కొత్త జంట అమృతమేమీ కాదు. ప్రొపొఫాల్ పాలలా తెల్లగా ఉంటుంది. నరంలోకి వెళ్ళగానే మనిషి మాయమైపోతుంది. మూలగదు, కదలదు. ఒక్కోసారి ఊపిరి తీయడం కూడా మర్చిపోతుంది. అందుకే తల దగ్గర వేరే పని లేని ఒక మనిషి ఆ ఊపిరినే చూస్తూ ఉండాలి. ఈ ఏడంతా ఆ మనిషిని నేనే. అందుకే ఇంత అలుపు.

చిన్నదాన్ని ఇక్కడికి తీసుకురండి. ఆ తల దగ్గర నేనుంటాను. సొంతవాళ్ళకి మత్తు ఇవ్వకూడదంటారు. నాకన్నా ఎక్కువ కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసేవాళ్ళు దొరికితే వాళ్ళకే అప్పజెప్తాను.

మీరు మొదటి ఉత్తరంలోనే అడిగారు కాబట్టి చెబుతున్నాను, నేను చేయించుకోలేదు. ఒక్కసారి కూడా. రోజూ చూస్తున్నదాన్ని కదా, అందుకే.

మీ వదిన

*

షాపు

వదినా,

చెప్పేద్దామనే వెళ్ళాను. వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది. "నీతో ఒక మాట చెప్పాలి" అన్నాను.

"నేనూ చెప్పాలి, ముందు మీరు చెప్పండి" అంది.

ముందు నువ్వు, కాదు మీరు అని కాసేపు నడిచింది. చివరికి తనే అంది. "కొన్నాళ్ళుగా రక్తం పడుతోందండీ. రోజూ కాదు. మొలలేమో అనుకున్నాను."

ఎన్నాళ్ళుగా అంటే చెప్పదు. ఎందుకు దాచావంటే ఏమందో తెలుసా? "పోయినసారి పరీక్ష దగ్గర మీ మొహం చూశాను కదా. ఆ తరవాత ఆసుపత్రి మాటెత్తితే చాలు, మీ చేతిలో గ్లాసు వణుకుతుంది. మిమ్మల్ని మళ్ళీ అక్కడ కూర్చోబెట్టడం ఎందుకులే అనుకున్నాను."

నేను తనని కాపాడుతున్నాననుకున్నాను. తను నన్ను కాపాడుతోందిట. ఇద్దరం ఒకరికొకరు అడ్డం నిలబడి ఆ రోగాన్ని లోపలికి రానిచ్చామేమో వదినా. నేను అబద్ధమాడకపోయి ఉంటే కిందటేడే తేలిపోయేది.

నా సంగతి మాత్రం చెప్పలేకపోయాను. డాక్టరు ఆగమన్నారన్నది అబద్ధమని చెప్పాను. ఎందుకాడానో చెప్పలేదు. బద్ధకం అనుకుంది, రెండు తిట్లు తిట్టింది.

ఎప్పుడు రమ్మంటారు?

*

ఆసుపత్రి

బయలుదేరి వచ్చేయండి. ముందు రోజు తాగాల్సిన మందు, తినకూడనివి విడిగా రాసి పెట్టాను. మొలలే కావచ్చు. కాకపోవచ్చు. మీరు దాని ముందు ఏడవకండి.

*

షాపు

వదినా,

క్షేమంగా చేరాం. దారంతా నిద్రపోయింది, లేచినప్పుడల్లా తినడానికేమైనా ఉందా అంది.

అక్కడ అందరి ముందూ చెప్పలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నాను. ఈసారి తలుపు ఇవతల నాకేమీ వినబడలేదు. మూలుగు లేదు, ఏడుపు లేదు, "ఏవండీ" లేదు. నాడి చూసే మీ మిషను టిక్కు టిక్కుమనడం ఒక్కటే. మధ్యలో ఆ టిక్కు తేడాగా వచ్చింది. ఎవరో గబగబా నడిచారు. మీ గొంతు వినబడింది, "ఊపిరి తియ్యవే, తియ్యి, గట్టిగా" అని. తరవాత మళ్ళీ మామూలైంది.

పోయినసారి అరుస్తుంటే చచ్చిపోతుందేమో అనుకున్నాను. ఈసారి అరవకపోతే చచ్చిపోయిందేమో అనుకున్నాను. మీ రెండు జంటల్లో ఏది మేలని బయటివాణ్ణి అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

పేగులో బుడిపె కనబడిందని కోసి తీశారు కదా, దాని రిపోర్టు వచ్చిందా?

మీ మరిది

*

ఆసుపత్రి

మరిదిగారికి,

మీ చెవులకి దణ్ణం. అవును, ఊపిరి తగ్గింది. గడ్డం పైకెత్తి పట్టుకున్నాను, ఆక్సిజన్ పెంచాను, తీసుకుంది. మామూలుగా జరిగేదే. రోజూ ఎవరో ఒకరి గడ్డం ఎత్తుతూనే ఉంటాను. ఆ రోజు మాత్రం అది లేచేదాకా ఎత్తిన గడ్డం వదల్లేదు.

రిపోర్టు వచ్చింది. మొదట కింద కూర్చోండి. పేగులోంచి కోసి తీసిన ఆ బుడిపె చివర క్యాన్సరు మొదలైంది. మొదలైంది అంతే. పేగుకి అంటుకున్న కాడ దాకా పాకలేదు. బుడిపె మొత్తం వచ్చేసింది, కోసినచోట శుభ్రంగా ఉంది. ఇంకేమీ కోయక్కర్లేదు. కొన్ని నెలలాగి మళ్ళీ చూడాలి, ఆ తరవాత ఏడాదికోసారి. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఈ ఉత్తరం ఇలా ఉండేది కాదు. ఈ మాట మిమ్మల్ని బాధపెట్టడానికి రాయడం లేదు, కానీ రాయకుండా ఉండలేను.

చిన్నది నిన్న ఫోనులో నన్ను పట్టుకుంది. "అక్కా, నువ్వెప్పుడు?" అంది. మీరు చెప్పేశారన్నమాట. ఉత్తరాలు చించెయ్యమని మీరంటారు, మీ నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు. సరే, చేయించుకుంటున్నాను. ఇద్దరూ వచ్చి బయట కూర్చోండి. నాకు పాత జంటే ఇవ్వమన్నాను. ఎందుకని అరవకండి. కొత్త జంటకి తల దగ్గర ఊపిరి చూసే మనిషి కావాలి. ఇక్కడ ఆ మనిషిని నేను. నా గడ్డం నేను పట్టుకోలేను కదా. పెథిడిన్ మాత్రం చాలినంత ఇవ్వమని మరీ మరీ చెప్పాను.

మీ వదిన

*

షాపు

వస్తున్నాం. మీ చెల్లెలు ఇప్పటికే సంచీ సర్దింది. బయట బల్ల మీద తనే కూర్చుంటుందట.

*

ఆసుపత్రి, మూడో అంతస్తు

మరిదిగారికి,

మీరు వెళ్ళి పదిరోజులు దాటింది, ఇంకా గది ఖాళీగా అనిపిస్తోంది. నా రిపోర్టు వచ్చింది, పేగులో ఏమీ లేదు. ఇన్నాళ్ళు తప్పించుకు తిరిగినదానికి దక్కాల్సిన శిక్ష దక్కలేదు. మళ్ళీ కొన్నేళ్ళకి చాలట.

మా మందుల జంటల లెక్క కూడా ఒక కొలిక్కి వచ్చింది. లేచినవాళ్ళని అడిగితే రెండు జంటలూ సమానం. లోపల విన్నదాన్ని బట్టి చూస్తే కాదు. పాత జంట వాళ్ళలో చాలామంది మూలిగారు, కొందరు గొట్టాన్ని చేత్తో తోసెయ్యబోయారు. కొత్త జంట వాళ్ళు పడుకున్నారు, కానీ ఊపిరికి నేను ఎక్కువసార్లు పరిగెత్తాను. పెద్ద డాక్టరు రెండో లెక్కని చివర చిన్న అక్షరాల్లో వేద్దామన్నాడు. ముందు వేస్తేనే సంతకం పెడతానన్నాను. వేస్తున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. నాకు నర్సు వచ్చి "నొప్పి తెలిసిందా డాక్టరుగారూ?" అనడిగింది. సున్నా అన్నాను. నిజంగానే నాకేమీ గుర్తు లేదు. పడుకున్నాను, లేచాను, చిన్నది పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని ఉంది. నా మణికట్టు మీద గోళ్ళ గుర్తులున్నాయి. నావి కావు. ఆమెని లోపలికి ఎప్పుడు రానిచ్చారో ఎవరూ చెప్పడం లేదు.

ఫోనులో ఎన్నిసార్లడిగినా, "హాయిగా నిద్రపోయావే" అంటుంది. ఆ మాట ఎలా ఉంటుందో నాకు తెలుసు, జీవితమంతా అందరికీ చెప్పినదాన్ని. మీ చెవులు అబద్ధం చెప్పవు. నేనేం అన్నాను? ఎవరిని పిలిచాను? దాచకుండా రాయండి.

మీ వదిన

*

షాపు

వదినా,

రిపోర్టులో ఏమీ లేదన్న వార్తకి ప్రాణం లేచొచ్చింది. ఇక కాస్త నిద్రపోండి, మందు లేకుండా.

మీరడిగినదానికి జవాబు నా దగ్గర లేదు. ఒట్టు. మిమ్మల్ని లోపలికి తీసుకెళ్ళగానే మీ చెల్లెలు నన్ను చూసి, "మీరు కిందికెళ్ళి టీ తాగి రండి, నేను పిలిచేదాకా పైకి రావద్దు" అంది. ఫరవాలేదు, నేనూ ఉంటానన్నాను. "మీకు చెవులెక్కువ, వెళ్ళండి" అని తోసేసింది. అప్పుడు తెలిసింది నాకు, తనకి నా సంగతి ఎప్పుడో అర్థమైపోయిందని. నేనొక్కణ్ణే ఇంకా దాస్తూ ఉన్నాను.

కింద టీకొట్టు దగ్గర కూర్చున్నాను. ఇంజన్లు, హారన్లు తప్ప ఏమీ వినబడలేదు. చాలాసేపటికి మెట్లు దిగి వచ్చింది. జుట్టు చెదిరిపోయి ఉంది. చీర చెంగు తడిసి ఉంది. "అయిపోయిందండీ. అక్కకేమీ తెలియలేదు" అంది. టీ అడిగింది. గ్లాసు తీసుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అయినా తొణికింది.

ఏమైనా వినబడిందా అన్నాను.

"ఏమీ లేదండీ" అంది.

నేనూ ఒకసారి అచ్చం ఆ మాటే అన్నాను కదా వదినా. మళ్ళీ అడగలేదు.

మీ మరిది